రేపు దీన్ని అప్‌డేట్ చేసేదెవరు?

చిరంజీవి సాహితికి,

నీ మెయిల్ చదివాను. ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే ఆఫీసు మొత్తానికి కొత్త చాట్ సాఫ్ట్‌వేర్ పెట్టే పని నీ చేతికిచ్చారంటే నీ మీద వాళ్లకు గురి కుదిరిందన్నమాట. చాలా సంతోషం. అకౌంట్స్ వాళ్లవి విండోస్ కంప్యూటర్లు, డిజైన్ వాళ్లవి మ్యాక్‌లు, డెవలపర్లవి ఉబుంటు, మార్కెటింగ్ వాళ్లకు సగం పని ఫోన్లోనే అని రాశావు. ఇదంతా రెండు రోజుల పని అని మీ మేనేజర్ అన్నారట. ఇన్‌స్టాల్ వరకే చూస్తే ఆయన మాట నిజమే. ఈ పనిలో అసలు కష్టం మొదటి రోజు కనబడదు తల్లీ. ఆరు నెలలు గడిచాక, ఒకరి దగ్గర కాల్ కలవక, ఇంకొకరికి ఫైలు తెరుచుకోక, అందరూ నీ సీటు దగ్గరికి వచ్చినప్పుడు కనబడుతుంది.

అందుకే ప్రతి కంప్యూటర్ ముందూ ఒక ప్రశ్న వేసుకో. ఈ కాపీని రేపు అప్‌డేట్ చేసేదెవరు? అప్లికేషన్ తనంతట తానా, ఆపరేటింగ్ సిస్టమా, నువ్వా, లేక ఆ కుర్చీలో కూర్చునే మనిషా? దీనికి జవాబు తెలియకుండా ఇన్‌స్టాలర్ నొక్కకు.

విండోస్ సంగతి ముందు చెబుతాను, తికమక ఎక్కువగా అక్కడే. ఒకే సాఫ్ట్‌వేర్‌కు తరచుగా రెండు రకాల ఇన్‌స్టాలర్లు ఉంటాయి. ఒకటి ఎవరు లాగిన్ అయితే వాళ్ల ప్రొఫైల్ ఫోల్డర్లోకి వెళ్లి కూర్చుంటుంది. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, చాలాసార్లు తనను తానే అప్‌డేట్ చేసుకుంటుంది. రెండోది, ఎక్కువగా ఎంఎస్ఐ రూపంలో వచ్చేది, కంప్యూటర్ మొత్తానికి ఒకే కాపీగా దిగుతుంది. దాన్ని నవీకరించే బాధ్యత చాలా సందర్భాల్లో కంపెనీదే, అంటే నీదే. మైక్రోసాఫ్ట్ పాత టీమ్స్ మొదటి పద్ధతిలో ఉండేది. ఒక కంప్యూటర్ మీద ముగ్గురు షిఫ్టుల్లో పనిచేస్తే మూడు కాపీలు తయారయ్యేవి. అందులో ఒకరు సెలవు మీద వెళ్తే, ఆ మనిషి లాగిన్ అయ్యేదాకా ఆ కాపీ పాత వెర్షన్లోనే పడి ఉండేది. 2023లో వచ్చిన కొత్త టీమ్స్ ఎంఎస్ఐఎక్స్ ప్యాకేజీగా మారాక ఈ బాధ తగ్గింది. మీ అకౌంట్స్ విభాగంలో కంప్యూటర్లు పంచుకుంటారని రాశావు కాబట్టి అక్కడ కంప్యూటర్ మొత్తానికి ఒకే కాపీ పద్ధతే పెట్టు. ఇంట్యూన్ లాంటి నిర్వహణ సాధనం ఉంటే దాని ద్వారా పంపు, లేకపోతే విన్‌గెట్‌తో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా చాలు. పని తేలికవుతుందని అందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చెయ్యమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు.

టాలీ కోసం ఒక మూలన విండోస్ 7 కంప్యూటర్ ఇంకా నడుపుతున్నారని కూడా రాశావు. దాని మీద ఈ కొత్త చాట్ ఎక్కించే ప్రయత్నం వద్దు. ఈ తరహా అప్లికేషన్లలో చాలావరకు ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టినవి, అంటే లోపల క్రోమియం బ్రౌజరే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ 110 వచ్చినప్పటి నుంచి విండోస్ 7, 8.1లకు ఆ దారి మూసుకుపోయింది, ఎలక్ట్రాన్ కూడా అదే ఏడాది వాటిని వదిలేసింది. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ విండోస్ 7 కంప్యూటర్ మార్చాలని మేనేజర్‌కు ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పు.

మ్యాక్ దగ్గర ఇన్‌స్టాల్ తేలిక, చిక్కంతా అనుమతుల్లో ఉంటుంది. డీఎంజీ ఫైలు తెరిచి, అప్లికేషన్స్ ఫోల్డర్లోకి లాగకుండా అక్కడి నుంచే నడిపేవాళ్లు చాలామంది ఉంటారు. అలా నడిపితే అప్‌డేట్ నిలవదు, రీస్టార్ట్ చేస్తే అప్లికేషన్ మాయమైందంటారు. ఇంకొకటి, 2019లో వచ్చిన కాటలినా నుంచి స్క్రీన్ షేర్ చేయాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి నువ్వు దూరం నుంచి ఇవ్వలేవు, ఆ మనిషే ఇవ్వాలి, ఇచ్చాక అప్లికేషన్ మూసి తెరవాలి. క్లయింటు ఎదురుగా ఉన్న కాల్‌లో ఇది బయటపడితే ఆ డిజైనర్ ఎంత ఇబ్బంది పడుతుందో ఆలోచించు. ఇన్‌స్టాల్ చేసిన రోజే పక్కన కూర్చుని ఒకసారి స్క్రీన్ షేర్ చేయించు. ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌లకు ఇంటెల్ వెర్షన్ వెయ్యకు. రోసెట్టా మీద అది నడుస్తుంది కానీ నెమ్మదిగా.

లినక్స్ వాళ్లు మాకు మేమే చూసుకుంటాం అంటారు. ఆ మాట నమ్మి వదిలెయ్యకు. ఒకరు డెబ్ ఫైలు దింపుకుంటారు, ఒకరు స్నాప్, ఇంకొకరు ఫ్లాట్‌పాక్. మూడూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి, అప్‌డేట్ అయ్యే దారులు మాత్రం వేరు. స్నాప్ రోజుకు నాలుగుసార్లు తనే చూసుకుంటుంది, అయితే అప్లికేషన్ తెరిచే ఉంచితే కొన్నాళ్లు వాయిదా వేస్తుంది. ఫ్లాట్‌హబ్‌లో దొరికే ప్యాకేజీల్లో కొన్ని అసలు కంపెనీ చేసినవి కావు, ఎవరు చేశారో ఆ పేజీలోనే రాసి ఉంటుంది, చూడు. స్లాక్ లాంటివాటి డెబ్ ప్యాకేజీ తన రిపాజిటరీని కూడా చేరుస్తుంది కాబట్టి మామూలు సిస్టమ్ అప్‌డేట్‌తో పాటే కొత్తది వస్తుంది. ఇక్కడ ఒక గుంట ఉంది. ఉబుంటు ఒక విడుదల నుంచి మరో విడుదలకు ఎదిగినప్పుడు ఇలాంటి బయటి రిపాజిటరీలను ఆపేస్తుంది. ఎవరూ తిరిగి తెరవరు. అప్లికేషన్ బాగానే నడుస్తుంటుంది, అప్‌డేట్లు మాత్రం ఆగిపోయి ఉంటాయి. డెవలపర్లు ఉబుంటు మార్చుకున్నప్పుడల్లా నీకు చెప్పమను.

కొన్ని కంపెనీలు లినక్స్‌ను మధ్యలో వదిలేస్తాయని కూడా గుర్తుంచుకో. టీమ్స్ లినక్స్ అప్లికేషన్ 2019 డిసెంబర్‌లో వచ్చింది, 2022 డిసెంబర్‌లో ఆపేశారు, బ్రౌజర్ నుంచి నడుపుకొమ్మన్నారు. మీరు జోహో క్లిక్ తీసుకున్నా, మ్యాటర్‌మోస్ట్ తీసుకున్నా, బ్రౌజర్లో నడిచే దారి ఒకటి ముందే పరీక్షించి పెట్టుకో. అప్లికేషన్ మొరాయించిన రోజు పని ఆగకుండా చూసేది అదే.

ఫోన్ల గురించి రెండు మాటలు చాలు. ప్లే స్టోర్, యాప్ స్టోర్ తప్ప వేరే దారి వద్దు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఆఫీసు యాప్ పేరుతో వచ్చినా తెరవొద్దని అందరికీ గట్టిగా చెప్పు. ఆండ్రాయిడ్‌లో మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయంటే ముందు బ్యాటరీ సెట్టింగు చూడు.

ఇక నువ్వు అడిగిన అసలు విషయం. అప్‌డేట్ వచ్చిన వెంటనే అందరికీ ఇవ్వాలా, ఆగాలా అని. రెండు ఉదంతాలు చెబుతాను, రెండూ 2023వే. సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ అనే బొమ్మలు చూపించే లైబ్రరీలో ఒక లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన ఒక బొమ్మతో కంప్యూటర్‌లోకి చొరబడే వీలుండేది. క్రోమ్‌తో పాటు ఎలక్ట్రాన్ మీద కట్టిన చాట్ అప్లికేషన్లు కూడా పరుగున కొత్త వెర్షన్లు తేవాల్సి వచ్చింది. రోజంతా బొమ్మలు పంపుకునే చోట అలాంటి అప్‌డేట్‌ను వారం వాయిదా వేయడం తప్పు.

అంతకుముందు మార్చిలో దీనికి సరిగ్గా విరుద్ధమైనది జరిగింది. త్రీసీఎక్స్ అనే కంపెనీ ఆఫీసు కాల్స్‌కు, చాట్‌కు వాడే అప్లికేషన్ చేస్తుంది. దాని విండోస్, మ్యాక్ వెర్షన్లలోకి దుండగులు తమ కోడ్ చొప్పించారు. ఆ కంపెనీ డిజిటల్ సంతకంతోనే, మామూలు అప్‌డేట్‌గా అది వినియోగదారులకు చేరింది. విచారణ చేసిన మాండియంట్ సంస్థ మూలం ఎక్కడుందో తేల్చింది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు తన సొంత కంప్యూటర్‌లో ఫ్యూచర్స్ ట్రేడింగ్‌కు వాడే ఎక్స్‌ట్రేడర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. వాడకం నుంచి తీసేసిన సాఫ్ట్‌వేర్ అది, అయినా డౌన్‌లోడ్‌కు ఇంకా దొరుకుతూ ఉండింది, దాన్ని అప్పటికే కలుషితం చేసి ఉన్నారు. ఒకరి ఇంట్లో వేసుకున్న పాత ప్రోగ్రాం నుంచి ఎన్నో దేశాల ఆఫీసుల దాకా పాకింది.

రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్ ఒక్కోదాని నుంచి ఒకరిద్దరిని, ఓపిక ఉన్నవాళ్లను అడిగి ఎంచుకో. కొత్త వెర్షన్ ముందు వాళ్లకు ఇవ్వు. భద్రతకు సంబంధించిన సవరణ అయితే ఒకటి రెండు రోజులు చూసి అందరికీ పంపేయ్. హంగుల కోసం వచ్చినదైతే వారం ఆగినా నష్టం లేదు. పాత ఇన్‌స్టాలర్‌ను దాచి ఉంచు. సర్వర్ మీ ఆఫీసులోనే ఉంటే, దాన్ని మార్చే ముందు డేటాబేస్ బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ వేరే చోట తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాకే ముందుకు వెళ్లు.

మనుషుల సంగతి చివరికి వచ్చింది కానీ నా మనసులో అదే ముందు. అకౌంట్స్‌లో పెద్దావిడ ఒకరు అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ 'తర్వాత' అని నొక్కుతారని విసుక్కున్నావు. ఆవిడ మొండితనం కాదమ్మా అది, భయం. పని మధ్యలో స్క్రీన్ ఆగిపోతే ఆ రోజు లెక్క తేలదు, మాట పడేది ఆవిడే. జీఎస్టీ రిటర్నులకు గడువు ఉండే 11, 20 తేదీల చుట్టూ, జీతాలు వేసే నెలాఖరున వాళ్ల విభాగం జోలికి వెళ్లకు. ముందు రోజే తెలుగులో రెండు వాక్యాలు పంపు. ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు పడుతుంది, ఏది మారుతుంది, ఇబ్బంది వస్తే నీ నంబరు. ఆవిడ పక్కన ఒక్కసారి కూర్చుంటే రెండోసారి నిన్ను పిలవరు.

ముందుగా ఒక పట్టిక తయారుచెయ్యి. కంప్యూటర్ పేరు, ఆపరేటింగ్ సిస్టమ్, దాని వెర్షన్, ఏ ఇన్‌స్టాలర్‌తో వేశావు, అప్‌డేట్ చేసేదెవరు. చివరి గడిలో ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఆ కంప్యూటర్‌ను జాబితాలో ఆఖరికి పెట్టు, జవాబు దొరికాకే ముట్టుకో. అది పూర్తవగానే నాకు పంపు, పని మొదలుపెట్టకముందే ఇద్దరం ఫోన్లో ఒక్కో వరుసా చూద్దాం. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న