పొలం కాగితాలు బ్యాంకుకిచ్చే ముందు

సమస్య

నా వయసు 26. మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి ఎన్‌రోల్ అయ్యాను. రెండేళ్లుగా గుంటూరు కోర్టులో ఒక సీనియర్‌గారి దగ్గర జూనియర్‌ని. వాయిదాలు తీసుకోవడం, సర్టిఫైడ్ కాపీల కోసం తిరగడమే నా పని. ఆయనిచ్చేది బస్సు చార్జీలకు సరి. అమెరికాలో ఏడాది ఎల్ఎల్ఎం చేస్తే న్యూయార్క్‌లో లాయరైపోవచ్చని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. నాన్న రెండెకరాల పొలం తాకట్టు పెడతానంటున్నారు. సీనియర్‌గారేమో, ఇక్కడి ప్రాక్టీసు పాడుచేసుకోవద్దంటున్నారు. వెళ్లమంటారా?

- ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా

అమ్మా, కన్సల్టెన్సీవాళ్లు మీకు సగమే చెప్పారు. లాయర్ లైసెన్సు వేరు, లాయర్ ఉద్యోగం వేరు.

ముందు లైసెన్సు సంగతి. అమెరికాలో దాన్ని ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఇస్తుంది. న్యూయార్క్‌లో మన డిగ్రీని పరిశీలించి, లోటు కనిపిస్తే దాన్ని పూడ్చుకోవడానికి 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎం చేయమంటారు. మీ డిగ్రీ సరిపోతుందో లేదో అక్కడ లైసెన్సు పరీక్షలు (బార్ పరీక్షలు) పెట్టే బోర్డే చూసి చెబుతుంది. కాలిఫోర్నియాలో అయితే, స్వదేశంలో ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లు ఎల్ఎల్ఎం లేకుండానే బార్ పరీక్ష రాయవచ్చు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావడానికి 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ పరీక్షలకూ ఎల్ఎల్ఎం అక్కర్లేదు.

ఇక ఉద్యోగం. అక్కడి పెద్ద సంస్థలు కొత్తవాళ్లను ఎక్కువగా అక్కడి మూడేళ్ల లా డిగ్రీ అయిన జేడీ విద్యార్థుల్లోంచే ఏరుకుంటాయి, అదీ వాళ్లు చదువుతుండగానే. ఎల్ఎల్ఎం వాళ్లకు మిగిలేవి కొద్ది చోట్లు. వాటిలోనూ కంపెనీ ఒప్పందాలు, ఆర్బిట్రేషన్ వంటి పనుల్లో ఇక్కడ కొన్నేళ్లు నలిగినవాళ్లదే పైచేయి.

క్యాలెండర్ కూడా చూడండి. చదువు మేలో అయిపోతుంది. బార్ పరీక్ష జులై చివర్లో. న్యూయార్క్ ఫలితాలు వచ్చేసరికి సాధారణంగా అక్టోబర్ చివరి వారం. చదువు తర్వాత పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలే, అందులో ఖాళీగా ఉండనిచ్చేది మొత్తం 90 రోజులు. అంటే ఫలితం చేతికి రాకముందే ఖాళీ రోజులు అయిపోవచ్చు. ఆ తర్వాత ఉద్యోగ వీసా కోసం హెచ్1బీ లాటరీ. పేరున్న స్కూళ్లలో ఫీజూ బసా కలిపితే ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది. ఇన్ని 'అయితే'ల మీద నాన్నగారి రెండెకరాలు పెట్టకండి.

అలాగని ఎల్ఎల్ఎం దండగ అనను. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, పన్నుల చట్టం లాంటి ఒక దారి పట్టి, ఆ పని ఇక్కడే కొంత చేసి, స్కాలర్‌షిప్‌తో వెళ్లేవాళ్లకు అది అక్కరకొస్తుంది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు చెవెనింగ్ స్కాలర్‌షిప్ పూర్తి ఖర్చు భరిస్తుంది. అడిగేది సుమారు రెండేళ్ల పని అనుభవం, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉంటానన్న మాట.

మీ సీనియర్‌గారి మాటలోనూ పసుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మీకు తక్కువైంది ఒక్క ఏడాదే. అసలు మిమ్మల్ని వేధిస్తున్నది అమెరికా లేకపోవడం కాదు, వాదించే కేసు లేకపోవడం. కనుక కేసులు అప్పగించే సీనియర్‌ను వెతుక్కోండి, అవసరమైతే హైకోర్టుకు మారండి. ఈ ఏడాది పొలం కాగితాలు నాన్నగారి బీరువాలోనే ఉండనివ్వండి.