వడ్డి లేని గడువు: క్రెడిట్ కార్డు నెంచుకొను విధము

"అప్పునకు వడ్డి లేదు" అను మాట మన మన్యపు రైతునకు క్రొత్తది కాదు. పూర్వము సంతకు వచ్చు వర్తకుడు ఉప్పును, బట్టను అరువిచ్చి, వడ్డి మాట యెత్తక, పంట వచ్చినపుడు పసుపు గాని పిప్పళ్లు గాని కొలిచి యిమ్మనెడివాడు. వడ్డి కానరాకుండెను గాని, సరకు ధరలోను కొలతలోను దాగియుండెను. ఇట్టి బాధల వలననే 1917వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము ఏజన్సీ ప్రాంతములకు చట్టము చేసి, కొండజాతుల వారి బాకీలపై సాలునకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డి చెల్లదనియు, చక్రవడ్డి కూడదనియు శాసించెను. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడుటకును ఇట్టి వర్తకుల పట్టు సడలించుటయే ముఖ్యోద్దేశము.

నేడు బ్యాంకుల క్రెడిట్ కార్డులు మన గ్రామములకును వచ్చుచున్నవి. వీనిపై కొన్న సరకులకు కొన్ని దినములు వడ్డి లేదందురు. ఇది అబద్ధము కాదు. కాని దాని నియమము లెరిగినవారికే లాభము. అందుచే ఈ విషయమును సభ్యులకు విశదీకరింప దలచితిమి.

1. గడువు లెక్క. బిల్లు ప్రతి నెల 20వ తేదీన తయారగుననియు, చెల్లింపునకు తరువాతి నెల 10వ తేదీ గడువనియు అనుకొందము. అక్టోబరు 21న కొన్న వస్తువునకు డిసెంబరు 10 వరకు, అనగా 50 దినములు వడ్డి లేదు. అదే వస్తువును నవంబరు 19న కొన్నచో 21 దినములే మిగులును. కాబట్టి "50 దినముల వరకు" అన్నచో ప్రతి కొనుగోలునకు 50 దినములని యర్థము కాదు.

2. కనీసపు మొత్తము. బిల్లులో "కనీసము ఇంత చెల్లింపుడు" అని యుండును. అంతమాత్రమే చెల్లించినచో గడువు లాభము పోవును. 10,000 రూపాయలకు కొని, 500 మాత్రమే కట్టితిమనుకొందము. నెలకు నూటికి మూడున్నర వంతున, కొన్ననాటినుండి 50 దినములకు వడ్డి రమారమి 575 రూపాయలగును. దానిపై పన్ను వేరు. కట్టిన సొమ్ము వడ్డికే చాలలేదు! పాతబాకి యున్నంతకాలము క్రొత్త కొనుగోళ్లకును గడువుండదు. ఈ వడ్డి సాలునకు నూటికి 42. అనగా 1917 నాటి హద్దునకు మించినది.

3. రొక్కము. కార్డుతో రొక్కము తీసినచో గడువే లేదు. ఆనాటినుండియే వడ్డియు, పైగా రుసుమును పడును.

4. పంటకాలము. జూను 21న విత్తనములు కొన్నచో ఆగస్టు 10కే సొమ్ము కట్టవలయును. అప్పటికి వరియు, చోడియు పైరుగానే యుండును; కాఫీ పండ్లు నవంబరు మొదలుకొని గాని కోతకు రావు. కాబట్టి సేద్యపు పెట్టుబడికి ఈ కార్డు తగదు. అందులకు 1998లో ఆరంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు కలదు. దానిపై తీసిననాటినుండి వడ్డి యున్నను, 3 లక్షలలోపు పంట ఋణమునకు అది నూటికి 7. సకాలమున తీర్చినవారికి కేంద్ర ప్రభుత్వపు రాయితీతో 4 మాత్రమే. వడ్డి లేనిదనబడు దానికంటె వడ్డి గల యీ అప్పే రైతునకు చౌక.

5. ఎంపిక. నెల నెల ఆదాయము గలవారు, అనగా జీతగాండ్రును దుకాణదారులును, క్రెడిట్ కార్డు తీసికొనవచ్చును. వారు ముందుగా విచారింపవలసినవి నాలుగు: సాలుసరి రుసుమెంత, గడువు దినము లెన్ని, బిల్లు తేదీ యేది, గడువు తప్పిన వడ్డి యెంత. బిల్లు తేదీని ఒక్కసారియైనను మార్చుకొను హక్కు రిజర్వు బ్యాంకు 2022లో చేసిన నియమములచే కలదు. సొమ్ము చేతికి వచ్చు దినమున కనుగుణముగా దానిని మార్చుకొనవలయును. అడుగనిదే కార్డు నంటగట్టుటయు ఆ నియమములకు విరుద్ధమే. కావున వలదన్నవారు నిర్భయముగా వలదనవచ్చును.

కొనుటకు ముందు ప్రతి సభ్యుడును తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలయునని మా మనవి: "ఈ బాకి తీర్చు సొమ్ము ఏ దినమున, ఎచ్చటినుండి నాకు వచ్చును?" దీనికి తేదీతోసహా సమాధానము చెప్పగలిగినచో గడువును వాడుకొనుడు. చెప్పలేనిచో, అది వడ్డి లేని అప్పు కాదు. వడ్డి ఇంకను కానరాని అప్పు.