యంత్రములకు వన్నె చెడని రంగు



ట్రాక్టరునకును, ట్రెయిలరునకును వేయు రంగు అందము కొఱకే యని పెక్కురు తలఁతురు. వాస్తవమునకు రంగు ఇనుమునకుఁ గవచము. గాలియు నీరును సోఁకిన చోట ఇనుము త్రుప్పుపట్టును. ఎరువుల లవణము తోడైనచో మఱింత వేగముగాఁ బట్టును.

రంగు వెలియుటకుఁ గారణము: రంగునందు వన్నె నిచ్చు పొడియు, దానిని ఇనుమునకుఁ బట్టియుంచు జిగురును గలవు. ఎండలోని అతినీలలోహిత కిరణములు రెంటిని జెఱచును. అరచేత రుద్దినప్పుడు పొడి సున్నమువలె నంటినచో జిగురు చెడినదని యెఱుఁగవలయును.

ఎన్నుకొను విధము: చౌకరకపు తళతళలాడు ఎఱుపులు త్వరగా వెలియును. ఇనుప ఆక్సైడుతోఁ జేసిన కావిరంగు ఎండకుఁ జిరకాలము నిలుచును. సింథటిక్ ఎనామెలు చౌక. కుంచెతో వేయుట సులభము. నీడను నిలుపు పనిముట్లకుఁ జాలును. ఎల్లప్పుడు ఎండలో నుండు వానికి రెండు డబ్బాలు కలిపి వేయు అలిఫాటిక్ పాలీయురేథేను మేలు. ఎపాక్సీ ఇనుమును గట్టిగాఁ బట్టును గాని ఎండకుఁ బొడియగును. కావున దానిని అడుగు పూఁతగనే వాడవలయును. నేలను దున్ను కఱ్ఱులకు ఏ రంగును నిలువదు. పని ముగిసిన పిదప వానికి గ్రీజు పూయుటయే మేలు.

వేయు పద్ధతి: ముందు గ్రీజును కడిగి, పిదప త్రుప్పును గీఁకి, ఆఱినవెంటనే ప్రైమరు వేయవలయును. మంచువేళను, ముసురునందును వేయరాదు. దట్టమగు నొక్క పూఁతకంటెఁ బలుచని రెండు పూఁతలు మేలు.

జాగ్రత్తలు: పాలీయురేథేనులోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు హానికరము. దానిని తగిన శ్వాసకవచము ధరించి, పని నేర్చినవారే చల్లవలయును. సీసము గల రంగుపొరలను నాకిన పశువులకుఁ బ్రాణాపాయము. సీసము 90 పి.పి.ఎమ్. మించరాదని 2016లో భారత ప్రభుత్వము చేసిన నియమము గృహ, అలంకార రంగులకు మాత్రమే. కావున యంత్రపు రంగు కొనునపుడు సీసము లేనిదియా యని యడుగుఁడు. పాతరంగును పొడిగా గీఁకక, తడిపి గీఁకుఁడు; ఆ చెత్త మేతలోఁ బడనీయకుఁడు.

కొనుటకు ముందు రేకుముక్కలకు వేర్వేఱు రంగులు పూసి, సగము కప్పి, ఒక వేసవి యెండలో నుంచుఁడు. కప్పిన సగమునకును, కప్పని సగమునకును గల భేదమే సాక్ష్యము.

తుదకొక మాట. రెండు డబ్బాల రంగు కలిపిన కొన్ని గంటలలోనే గట్టిపడును. ఒక్కరు కొన్నచో మిగిలినది వృథా. పదిమంది సభ్యులు ఒకేదినమున తమ యంత్రములను సంఘపు ఆవరణకుఁ దెచ్చినచో నొక్క బొట్టైన వృథా కాదు. సహకారమునకు ఇంతకంటె సులభమగు పాఠము లేదు.