స్కజీ కార్డు – పరికరాల అమరిక



కంప్యూటర్ నేర్చుకోవడమంటే టైపు కొట్టడమే అనుకుంటాం. పెట్టె లోపల ఏ పరికరం దేనితో ఎలా మాట్లాడుతుందో తెలియకపోతే, బాగున్న వస్తువును కూడా చెడిపోయిందని పక్కన పడేస్తాం. కంభం హాస్టల్లో మేము చదువుకునే రోజుల్లో జరిగిన ఒక సంగతితో ఈ పాఠం చెబుతాం.

ఒక ఆఫీసులో వాడి తీసేసిన పాత సర్వర్ మా హాస్టలుకు వచ్చింది. పదో తరగతి వాళ్ల కోసం మా పై అన్నలు ప్రశ్నలు, జవాబులు టైపు చేసి అందులో దాచారు. దాంతోపాటు వచ్చిన సీడీ డ్రైవు ఊరికే పడి ఉంటే, ఎనిమిదో తరగతి తమ్ముడొకడు దాన్ని లోపల బిగించాడు. మర్నాడు హార్డ్ డిస్కు కనిపించలేదు. పరీక్షలకు నెల కూడా లేదు. అందరం వాడి మీద పడ్డాం. "నేను వైరు తగిలించానంతే అన్నా" అని వాడు ఏడ్చాడు. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని మాలో ఒకడు అన్నాడు. అదృష్టం కొద్దీ అంతలో ఐటీఐలో పనిచేసే ఒక మాస్టారు వచ్చారు. "డిస్కు సంగతి తర్వాత. ముందు అమరిక చూడండి" అన్నారు.

స్కజీ అంటే ఏమిటి?

హార్డ్ డిస్కు, సీడీ డ్రైవు, స్కానరు వంటి వాటిని ఒకే తీగ మీద కలిపే పద్ధతి స్కజీ. షుగార్ట్ అసోసియేట్స్ అనే అమెరికా కంపెనీ 1981లో బయటపెట్టిన పద్ధతి దీనికి మూలం. 1986లో ఇది అమెరికా జాతీయ ప్రమాణం అయింది. తీగకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండే కంట్రోలర్ కార్డే దీనికి పెద్ద. మా సర్వర్‌లో ఉన్నది అడాప్టెక్ కార్డు. కంప్యూటర్ ఆన్ కాగానే కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కితే దాని అమరికల పట్టిక తెరమీదకు వస్తుంది.

మొదటిది: నంబరు

హాజరు వేళ ఒకే నంబరుకు ఇద్దరు "ఎస్ సార్" అంటే వార్డెన్ సార్ ఎవరికని హాజరు వేస్తారు? స్కజీ తీగ మీదా అంతే. ఎనిమిది బిట్ల తీగపై 0 నుంచి 7 వరకు ఎనిమిది నంబర్లుంటాయి. ఒక్కో పరికరానికి ఒక్కటే నంబరు. 7కు అన్నిటికన్నా ముందు వంతు, అందుకే దాన్ని సాధారణంగా కార్డుకే ఉంచుతారు. కంప్యూటర్ మొదలయ్యే డిస్కుకు మామూలుగా 0 ఇస్తారు.

పరికరం వెనక చిన్న పిన్నుల జతలు మూడుంటాయి. వాటి విలువలు 1, 2, 4. వాటిపై తొడిగే చిన్న తొడుగే జంపర్. తొడిగిన వాటిని కూడితే నంబరు వస్తుంది. 1, 2 తొడిగితే 3. 2, 4 తొడిగితే 6. ఏదీ తొడగకపోతే 0. మా సీడీ డ్రైవుకు జంపర్ లేదు, కాబట్టి దాని నంబరు 0. డిస్కుదీ 0. గొడవ అక్కడుంది. సీడీ డ్రైవును 3కు మార్చగానే డిస్కు పేరు తెరమీద కనిపించింది.

రెండోది: తీగ చివర

అయినా ఫైళ్లు తెరిస్తే తప్పులు వచ్చాయి. మన కంభం చెరువు కాలువనే తలచుకోండి. కాలువ చివర నీరు పొలంలోకి పారితే వెనక్కి రాదు. అడ్డంగా గోడ ఉంటే అల తగిలి తిరిగి వస్తుంది. తీగలో విద్యుత్ సంకేతమూ అలాగే చివర తగిలి వెనక్కి వచ్చి, కొత్త సంకేతాన్ని పాడుచేస్తుంది. దాన్ని పీల్చుకునే ఏర్పాటే టెర్మినేషన్. అది తీగ రెండు కొసల్లోనే ఉండాలి, మధ్యలో ఉండకూడదు.

మా తీగకు ఒక కొస కార్డు, రెండో కొస డిస్కు. సీడీ డ్రైవు వచ్చాక అదే కొస అయింది, డిస్కు మధ్యలో పడింది. డిస్కు టెర్మినేషన్ తీసి సీడీ డ్రైవుకు పెట్టాం. తప్పులు ఆగిపోయాయి. పెట్టె బయట కూడా స్కానరు తగిలిస్తే అప్పుడు కార్డే మధ్యలో పడుతుంది. అలాంటప్పుడు కార్డు టెర్మినేషన్ తీసేయాలి.

మూడోది: వేగం

మొదటి స్కజీ వేగం సెకనుకు 5 మెగాబైట్లు, ఫాస్ట్ స్కజీది 10. ఒక్కో నంబరుకు ఎంత వేగమో పట్టికలో విడిగా పెట్టుకోవచ్చు. పాత పరికరం తడబడితే దాని ఒక్కదాని వేగమే తగ్గించాలి. డిస్కు వేగం తగ్గించే పని లేదు. 'డిస్‌కనెక్షన్' అనే అమరిక కూడా ఉంటుంది. భోజనాల వరుసలో కూర కోసం ఆగినవాడు పక్కకు జరిగి వెనకవాళ్లకు దారి ఇచ్చినట్టు, సమాచారం వెతుక్కునే పరికరం ఆ కాసేపు తీగను వదిలేస్తుంది. దాన్ని ఉంచడమే మేలు.

గుర్తుంచుకోవలసినవి

1. జంపర్ ముట్టే ముందు కరెంటు ఆపి ప్లగ్ తీయాలి.
2. మార్చే ముందు పాత అమరికలు కాగితం మీద రాసుకోవాలి.
3. ఒకసారి ఒక్కటే మార్చి ఫలితం చూడాలి.
4. అదే పట్టికలో డిస్కు ఫార్మాట్ కూడా ఉంటుంది. అది నొక్కితే డిస్కులో ఉన్నదంతా పోతుంది.

ఇప్పటి కంప్యూటర్లలో ఈ వెడల్పాటి తీగలు లేవు. సర్వర్లలో కనిపించే శాస్ పద్ధతిలో ఒక్కో డిస్కుకు విడి దారి ఉంటుంది, జంపర్లతో పని లేదు. అయినా స్కజీ భాష పోలేదు. మీరు వాడే పెన్‌డ్రైవుకు కంప్యూటర్ పంపే ఆజ్ఞలు స్కజీ ఆజ్ఞలే.

ఆ రాత్రి డిస్కులోని జవాబులన్నీ తెరుచుకున్నాయి. తమ్ముడి తప్పల్లా పెట్టని ఒక జంపర్, మార్చని ఒక కొస. అవి మాలో ఎవరికీ తెలియవు. తెలియకుండానే వాణ్ణి దోషిని చేశాం. మరునాడు వాణ్ణే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అందరికీ నంబర్లు కూడి చూపించమన్నాం. వస్తువునైనా మనిషినైనా చెడిందనే ముందు అమరిక చూడాలని మేము నేర్చుకున్నది ఆ రోజే.