బంగారు ఇల్లు, దాని యజమానులు

మనకి రాజు ఉండేది కోట, జమీందారు ఉండేది దివాణం, మిగతావాళ్లవన్నీ ఇళ్లే. ఇటలీలోని వెనిస్‌లోనూ ఇలాంటి తేడా ఉండేది. పాలకుడైన డోజ్ భవనాన్నే ‘పలాజ్జో’ అనేవారు. ఎంత గొప్ప వర్తకుడి మేడైనా ‘కా’ మాత్రమే. ‘కాసా’ అంటే ఇల్లు, దానికి పొట్టి రూపం ‘కా’. గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ ఒడ్డున ఉన్న ‘కా దోరో’ పేరుకి అర్థం బంగారు ఇల్లు. దాని గురించి చదువుతుంటే కట్టడం కంటే అది చేతులు మారిన తీరే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

దీన్ని కట్టించింది మరీనో కొంటారీని. భార్య పుట్టింటివారైన జెన్ కుటుంబం నుంచి స్థలం తీసుకుని, 1420లలో పని మొదలుపెట్టాడు. శిల్పులు జొవాన్ని బోన్, ఆయన కొడుకు బార్తొలొమెయొ. 1431లో ముఖభాగానికి రంగులు వేయించాడు. బంగారు రేకు, ఖరీదైన నీలం, ఎరుపు, తెలుపు వాడారు. పాలరాయి మెరవడానికి నూనె కూడా పట్టించారు. ఆయన ఖర్చుల లెక్కల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బంగారం మాత్రం ఎప్పుడో రాలిపోయింది, పేరు మిగిలింది.

తర్వాత ఇల్లు చాలామంది చేతులు మారింది. 1797లో నెపోలియన్ దెబ్బకి వెనిస్ గణరాజ్యమే కూలిపోయింది. 1840లలో రష్యా ప్రిన్స్ త్రుబెత్స్కోయ్ దీన్ని కొని, పేరుమోసిన బ్యాలే నర్తకి మరియా తాగ్లియోనికి ఇచ్చాడు. 1832లో పారిస్‌లో ‘లా సిల్ఫీద్’తో పేరు తెచ్చుకున్నది ఈమే. అప్పుడు జరిగిన మరమ్మతుల్లో వాస్తుశిల్పి మెదూనా పెరటి వైపు పాతకాలపు రాతి మెట్లు, బాల్కనీలు తీయించేశాడు. ఆంగ్ల రచయిత రస్కిన్ ఇది చూసి మండిపడ్డాడు.

ఇక్కడే నాకొక ప్రశ్న వచ్చింది. ఇల్లు నాదైతే అందులో ఏదైనా తీసేసే హక్కు నాకుందా? పత్రం ప్రకారం ఉందనే చెప్పాలి. కానీ ఆ మెట్లు చెక్కినవాళ్లు ఎప్పుడో పోయారు, ముందు ముందు వాటిని చూడాల్సినవాళ్లు ఇంకా పుట్టలేదు. వాళ్లిద్దరి తరఫునా మాట్లాడేది ఎవరు?

1894లో కొన్న బారన్ జార్జో ఫ్రాంకెట్టి ఈ ప్రశ్నకి పనితోనే జవాబిచ్చాడు. పోయిన మెట్లనీ, బార్తొలొమెయొ బోన్ చెక్కిన బావి ఒరనీ వెతికి మళ్లీ కొన్నాడు. కింది అంతస్తులో రంగురాళ్ల నేలని స్వయంగా కూర్చుని పేర్చాడు. 1916లో ఇంటినీ, తను సేకరించిన కళాఖండాలనీ ప్రభుత్వానికి రాసిచ్చాడు. 1922లో చనిపోయాడు. 1927లో అది ప్రదర్శనశాలగా తెరుచుకోవడం ఆయన చూడలేదు. ఆయన చితాభస్మం ఆ ఇంట్లోనే ఒక స్తంభం కింద ఉంది.

మన ఊళ్లలోనూ పాత మండువా లోగిళ్లు అమ్ముడవుతున్నాయి. ముందుగా ద్వారబంధాలూ, చెక్కడపు స్తంభాలూ విడివిడిగా బండెక్కుతున్నాయి. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే, అది ఎవరు కట్టించారో, ఎవరెవరి చేతులు మారిందో పెద్దవాళ్లని అడిగి రాసుకురండి. వచ్చే సంచికలో ఈ గోడ మీదే పెడదాం.