సున్నపు దుమ్ము వల్ల క్యాన్సర్ వస్తుందా?

సున్నపు బట్టీలలో, ముగ్గు మిల్లులలో, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలలో పనిచేసేవారు మా ఆసుపత్రికి తరచుగా వస్తుంటారు. "సిస్టరమ్మా, ఇన్నేళ్లుగా ఈ కాల్షియం దుమ్ము పీలుస్తున్నాను, నాకు క్యాన్సర్ వస్తుందా?" అని కొందరు భయంతో అడుగుతారు. మరికొందరు "తాంబూలంలో సున్నం తింటూనే ఉన్నాము కదా, దుమ్ముతో ఏమవుతుంది?" అని తేలికగా తీసివేస్తారు. ఈ రెండు మాటలలో ఎంత నిజమున్నదో ఈ పాఠంలో తెలుసుకొందాము.

కాల్షియం ఒక్కటే అయితే?

సున్నపురాయి, నాపరాయి, ముగ్గుపిండి వీటన్నిటిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే సున్నం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాలను పరిశీలించి జాబితా తయారుచేస్తుంది. ఆ జాబితాలో కాల్షియం కార్బొనేట్ గాని, సున్నం గాని లేవు. డాక్టరు రాసిచ్చిన కాల్షియం మాత్రలకు కూడా ఈ దుమ్ముతో సంబంధం లేదు. గర్భిణీ స్త్రీలు భయపడి వాటిని మానకూడదు.

అయితే సున్నం హాని చేయదని దీని అర్థం కాదు. కాల్చిన సున్నం కంటిలో పడితే చూపు పోవచ్చు. వెంటనే ధారగా మంచినీటితో కనీసం అరగంట కడిగి ఆసుపత్రికి రావాలి. చర్మంపై పొడి సున్నం పడితే ముందు దులిపివేసి, ఆ తరువాత ఎక్కువ నీటితో కడగాలి.

దుమ్ములో తోడుగా వచ్చేవి

అసలు ప్రమాదం కాల్షియంతో కలిసి వచ్చే ఇతర పదార్థాలలో ఉన్నది.

1. సిలికా: ఇది ఇసుకలో, పలుగురాయిలో ఉండే పదార్థం. సున్నపురాయిలో కూడా కొంత ఉంటుంది. ఒక గనిలో తక్కువ, మరొక గనిలో ఎక్కువ. స్ఫటిక రూపంలోని సిలికా దుమ్మును ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకంగా 1997లో పై సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. క్యాన్సర్ కన్నా ముందుగా సిలికోసిస్ అనే జబ్బు రావచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులు ఎందరో ఈ జబ్బు పాలైనారు.

2. బొగ్గు పొగ: బట్టీలో మండే బొగ్గు పొగలో కూడా క్యాన్సర్ కారకాలు కొన్ని ఉంటాయి.

3. పొగాకు: ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్నిటికన్న పెద్ద కారణం బీడీ, సిగరెట్లే. సిలికా దుమ్ముకు బీడీ తోడైతే అపాయం ఇంకా పెరుగుతుంది. ఇక ఖైనీలో, జర్దా కిళ్లీలో సున్నం కలపడం వల్ల నికోటిన్ శరీరంలోకి త్వరగా ఎక్కుతుంది. ఇవి నోటి క్యాన్సర్‌ను తెస్తాయి. పొగాకు లేకపోయినా వక్కతో వేసుకొనే కిళ్లీ కూడా క్యాన్సర్ కారకమే అని 2004లో ప్రకటించారు.

అపాయాన్ని అంచనా వేయడం ఎలా?

ఒక పదార్థం మొదటి వర్గంలో ఉన్నదంటే, అది క్యాన్సర్ కలిగించగలదనే రుజువు గట్టిగా ఉన్నదని అర్థం. దానిని తాకిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని కాదు. ఒక మనిషికి అపాయం ఎంత అన్నది నాలుగు ప్రశ్నలను బట్టి ఉంటుంది.

అ) దుమ్ములో ఏమున్నది? సిలికా ఎంత?
ఆ) రోజుకు ఎంత దుమ్ము పీలుస్తున్నారు? కంటికి కనబడని సన్నని దుమ్మే ఊపిరితిత్తుల లోతుకు పోతుంది.
ఇ) ఎన్ని సంవత్సరాలుగా?
ఈ) బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటు ఉన్నదా?

ఉదాహరణకు ముగ్గురిని తీసుకొందాము. పండుగకు ఇంటికి వెల్ల వేసిన వ్యక్తికి క్యాన్సర్ భయం అక్కర లేదు, కన్ను కాపాడుకొంటే చాలు. బట్టీలో పది సంవత్సరాలుగా పనిచేస్తూ రోజూ కట్ట బీడీలు తాగే వ్యక్తికి అపాయం ఉన్నది. అందులో పెద్ద భాగం బీడీదే, అది మానడం ఆయన చేతిలోనే ఉన్నది. సిలికా ఎక్కువున్న రాయిని నీరు పోయకుండా మిషన్‌తో ఏళ్ల తరబడి కోస్తూ బీడీ కూడా తాగే వ్యక్తికి ముగ్గురిలోకి ఎక్కువ అపాయం. ముగ్గురినీ "సున్నం పని" అనే ఒక్క మాటతో కలిపి చెబితే నిజం తెలియదు.

జాగ్రత్తలు

* రాయి కోసేటప్పుడు నీటిధార ఉండాలి. కాని కాల్చిన సున్నంపై నీరు చల్లరాదు, అది కుతకుత ఉడికి మీద పడుతుంది.
* ముక్కుకు తువ్వాలు కట్టుకొంటే సన్నని దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోవాలి.
* పొడి చీపురుతో ఊడ్వక, తడిపి శుభ్రం చేయాలి.
* పని బట్టలు ఇంటిలో దులపరాదు. స్నానం చేసిన తరువాతనే పిల్లలను ఎత్తుకోవాలి.
* బీడీ, ఖైనీ, గుట్కా పూర్తిగా మానాలి.

డాక్టరుకు ఏమి చెప్పాలి?

రెండు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తం, ఆయాసం, బరువు తగ్గడం, గొంతు బొంగురు, నోటిలో మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. సిలికోసిస్, క్షయ ఎక్స్‌రేలో ఒకదానివలె ఒకటి కనిపించవచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. అందుచేత కళ్లె పరీక్ష, ఊపిరి పరీక్ష అవసరమవుతాయి.

"ఏమి పని?" అని మేము అడిగితే చాలామంది "కూలి" అని ఊరుకొంటారు. దయచేసి పూర్తిగా చెప్పండి: ఏ రాయి, ఏ మిషన్, ఎన్నేళ్లు, అంతకు ముందు ఏ పని. పని మానేసి ఏళ్లు గడిచినా చెప్పాలి, ఎందుకంటే సిలికోసిస్ పని మానిన తరువాత కూడా ముదరవచ్చు. సిలికోసిస్‌ను చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. కనుక మీ పని వివరం కేసు షీటులో ఎక్కితే నష్టపరిహారం అడగడానికి కూడా ఆధారమవుతుంది.

ఇంటిలోని స్త్రీలకు మా మనవి. మీ భర్త లేక కుమారుడు చెప్పడానికి మొహమాటపడితే, ఆయన పనిచేసిన చోట్లు, సంవత్సరాలు ఒక కాగితంపై రాసి ఓపీ చీటీతో పాటు తీసుకొని రండి. సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది.