గోడమీది చిన్నగది

పఠించవలసిన భాగములు: 2 రాజులు 4:8–37, 8:1–6, యిర్మీయా 22:13–19, లేవీయకాండము 14:33–48, ద్వితీయోపదేశకాండము 22:8

వివాహమై మూడు సంవత్సరములైన దంపతులిద్దరు విశాఖపట్టణములో, సముద్రమునకు సమీపమున, పాత అపార్టుమెంటు ఒకటి అప్పుచేసి కొన్నారని అనుకొందము. అది వారి మొదటి యిల్లు. రెండు పడకగదులు, హాలు, వంటగది, ఇరుకైన బాల్కనీ. తాళపుచెవి చేతికి వచ్చిన రాత్రియే వారు నేలమీద కూర్చుండి కాగితముపై గీతలు గీయుట మొదలుపెట్టుదురు. రెండవ గది గోడను తీసివేసి హాలును విశాలము చేయవలెనని భర్త కోరిక. ఆ గది ఉండవలెనని భార్య పట్టుదల. ఊరినుండి అత్తగారు వచ్చినను, చదువుకొరకు వచ్చిన సంఘపు పిల్ల ఎవరైనను నాలుగు దినములు తలదాచుకొనవలసి వచ్చినను ఎక్కడ పరుండుదురని ఆమె ప్రశ్న. ఇది చిన్న వివాదమే. అయినను మొదటి యింటి గోడలయొద్దనే అనేకులైన దంపతులు ఒకరి హృదయము నొకరు మొదటిసారి చూచెదరు.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి గదినిగూర్చి మాటలాడుకొనిన దంపతులు ఒకరున్నారు. షూనేము ఇశ్శాఖారు గోత్రపు ఊరు, యెజ్రెయేలు లోయలోనిది. కర్మెలు పర్వతము అక్కడికి సుమారు 25 కిలోమీటర్ల దూరము. ఎలీషా ఆ త్రోవను వచ్చుచు పోవుచు వారి యింట భోజనము చేయువాడు. ఒక దినమున ఆ యింటి యిల్లాలు భర్తతో, ఈ దైవజనునికొరకు గోడమీద చిన్నగది కట్టించుదమని చెప్పెను. ఆమె తానొక్కతెయే నిర్ణయించి మేస్త్రీని పిలువలేదు, భర్తతో ఆలోచించెను. భర్త ఏమనెనో వ్రాయబడలేదు గాని, గది మాత్రము లేచినది.

ఆ దినములలో ఇండ్ల పైకప్పులు చదునైనవి. దూలములమీద కొమ్మలు, రెల్లు పరచి, పైన మన్ను మెత్తి గట్టిచేయువారు. అక్కడనే ధాన్యము, జనుపకట్టె ఆరవేయుదురు, వేసవిలో పరుండుదురు. అతిథికి ఒక చాప, పైన ఒక పందిరి చాలునని ఎవరైనను అందురు. ఈమె గోడలుగల గదిని కోరెను. అందులో ఉంచినవి నాలుగే: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. విశ్రమించుటకు ఒకటి, భుజించుటకును చదువుకొనుటకును రెండు, రాత్రి మేలుకొని ప్రార్థించుటకు ఒకటి. పీటకు అక్కడ వాడబడిన హెబ్రీ మాటయే రాజుల సింహాసనమునకును వాడుదురు. దీపస్తంభమునకు వాడిన మాటయే ప్రత్యక్షపు గుడారములోని దీపవృక్షమునకును కలదు. నేటి అలంకరణ పుస్తకములు ఎన్ని పుటలు తిరుగవేసినను, ఆ గదికి చేర్చదగినది అట్టే కనబడదు.

మరియొక మేడగది యున్నది. యోషీయా కుమారుడైన యెహోయాకీము యూదాను ఏలుచున్నప్పుడు దేశము ఐగుప్తునకు లొంగియుండెను. ఫరోనెకోకు చెల్లింపవలసిన వెండి బంగారములను అతడు ప్రజలయొద్ద పన్నుగా రాబట్టెను (2 రాజులు 23:35). అట్టి కాలములోనే అతడు విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎఱ్ఱని రంగుపూతతో తనకు నగరు కట్టించుకొనెను. యెరూషలేమునకు దక్షిణమున రామత్ రాహేలులో త్రవ్వకములు జరిపినప్పుడు రాతి కిటికీ కమ్మీలుగల రాజనివాసము బయల్పడినది; అది ఈ నగరే యని కొందరు పండితులు తలంచిరి. ప్రవక్త కోపము దేవదారుమీద కాదు. పనివారికి కూలి ఇయ్యకపోవుటమీదనే ఆ మాటలు పడినవి. అతని తండ్రియైన యోషీయాయు తిని త్రాగి సుఖముగా నుండెనని అదే అధ్యాయము ఒప్పుకొనుచున్నది. అయితే అతడు దీనుల వ్యాజ్యెమును విచారించెను.

కనుక ఆ యువ దంపతులు టైల్సు కొనునప్పుడు ధరను రెండుమారులు అడిగిన అడుగవచ్చును. మేస్త్రీ, వడ్రంగి, రంగులు వేయువాని కూలిని మాత్రము పని ముగిసిన దినముననే చెల్లింపవలెను. తక్కువైనప్పుడు తగ్గింపవలసినది అలమరల సంఖ్య, వారి కూలి కాదు. సంఘములో మంచి సాక్ష్యముగల కుటుంబములు సహితము ఈ ఒక్క విషయములో తడబడుట విచారకరము.

ఇక ఆ యింటి గోడలను చూడవలెను. తీరపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోనికి చేరి లోపలి ఇనుప కడ్డీలను తినును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొట్టగా స్లాబు పెచ్చులు ఊడిపడును. స్నానగదిలో కారిన నీరు గోడలో చెమ్మయై, ఎంత రంగు వేసినను మరల పొడలుగా పైకి వచ్చును. లేవీయకాండము పదునాలుగవ అధ్యాయమును పెండ్లియైన క్రొత్తలో ఎవరును చదువరు. ఇల్లు కొన్నవారికి అది అవసరము. గోడమీద పచ్చగానో ఎఱ్ఱగానో లోతైన పొడ కనబడిన యెడల యజమానుడు తానే యాజకునికి తెలుపవలెను. యాజకుడు లోనికి రాకమునుపే సామానంతయు బయట పెట్టింపవలెను. ఇంటివారి వస్తువులు అపవిత్రముగా ఎంచబడకుండుటకు దేవుడు చూపిన దయ అది. ఏడు దినములు ఇల్లు మూయబడును. పొడ వ్యాపించిన యెడల ఆ రాళ్లను ఊడదీసి, గోడలను గీకించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టవలెను. పొడను తీయక దానిమీద పైపూత మాత్రమే వేయుమని అక్కడ లేదు.

అపార్టుమెంటులో ఈ సంగతి మరింత ముఖ్యము, ఏలయనగా ఒకరి నేల మరియొకరి కప్పు. పైవారి స్నానగదిని సరిగా కట్టకపోయిన యెడల క్రిందివారి వంటగదిలో నీరు కారును. భర్త తీసివేయదలచిన గోడ కేవలము ఇటుక గోడయైన యెడల తీయవచ్చునేమో; పిల్లరునో బీమునో చెక్కిన యెడల అన్ని అంతస్తులవారికిని అపాయము. గోడ ఎట్టిదో ఇంజనీరు చూచి చెప్పవలసినదే. క్రొత్త యింటి కప్పుకు పిట్టగోడ కట్టింపవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినప్పుడు, పడువాని ప్రాణమునకు ఇంటివాడే ఉత్తరవాది యని ఎంచినది. బాల్కనీ కమ్మీ కనీసము ఒక మీటరు ఎత్తుండవలెనను నేటి నియమము వెనుక ఉన్నదియు ఆ తలంపే. ఇంకను పుట్టని బిడ్డకొరకు ఆ కమ్మీల సందులను కొలుచుటయు భక్తిలోనిదే.

షూనేమీయురాలి గది కథ అతిథితో ముగియలేదు. బిడ్డలులేని ఆ యింట కుమారుడు పుట్టెను. పెరిగి, కోతకాలమున ఒక మధ్యాహ్నము తల్లి తొడమీదనే చనిపోయెను. ఆమె వానిని ఎత్తుకొని ఆ చిన్నగదికి ఎక్కి, దైవజనుని మంచముమీద పరుండబెట్టి తలుపు వేసెను. పరునికొరకు వేయించిన మంచమే ఆ దినమున ఆమెకు మిగిలిన ఆశ్రయము. ఎలీషా వచ్చి, అదే తలుపు మూసి ప్రార్థింపగా, బిడ్డ ఏడుమారులు తుమ్మి కన్నులు తెరచెను.

తరువాత ఏడేండ్ల కరవు రాగా, ప్రవక్త మాటనుబట్టి ఆమె ఆ యింటిని, ఆ గదిని విడిచి ఫిలిష్తీయుల దేశమునకు వెళ్లెను. రాజుతో నీకొరకు మాటలాడవలెనా అని ఎలీషా ఒకప్పుడు అడిగినప్పుడు అక్కరలేదన్న ఆమెయే, తిరిగి వచ్చి ఇంటికొరకు, పొలముకొరకు రాజునకు మొఱ్ఱపెట్టవలసి వచ్చెను. ఆ గడియలోనే గేహజీ రాజునెదుట ఆ బిడ్డ బ్రదికిన సంగతి చెప్పుచుండెను. రాజు ఒక అధికారిని నియమించి, ఆమె వెళ్లిన దినము మొదలుకొని పొలము పంటతోకూడ సమస్తమును ఆమెకు మరల ఇప్పించెను.

విశాఖపట్టణపు దంపతులు ఈ రెండు అధ్యాయములను కలిసి చదువుట మంచిది. గోడ పడగొట్టు కూలివారు వచ్చుటకు ముందుగా.